రాజీనామా రాసిస్తే పరువుగా పంపిస్తామంటున్నారు. సంతకం పెట్టాలా, వద్దా?

గవర్నర్‌పేట గుమాస్తా:
విజయవాడలో హోల్‌సేల్ పంపిణీ సంస్థ. బిల్లింగు, స్టోర్సు కలిపి 60 మంది ఉంటారు. శనివారం సాయంత్రం ఒక్కొక్కర్నీ లోపలికి పిలిచి, టైపు చేసిన రాజీనామా ముందు పెడుతున్నారు. అందులో "సొంత కారణాల వల్ల" అని ఉంటుంది. సంతకం పెడితే రిలీవింగ్ లెటర్ ఇస్తారట, పెట్టకపోతే పనితీరు బాలేదని తీసేస్తారట. ఆలోచించుకోడానికి అరగంట. ఫోను బయట పెట్టి రావాలి. ఒక బిల్లింగు క్లర్కుని తీసుకోండి: బేసిక్, డీఏ కలిపి 18,200, సర్వీసు 6 ఏళ్ళ 8 నెలలు. అతను ఏం చేయాలి?

పేరోల్ బాబాయ్:
పెట్టేయడమే మంచిది. రేపు ఇంకోచోట చేరాలంటే రిలీవింగ్ లెటర్ అడుగుతారు. మన ఊళ్ళో అయితే లెటర్ కూడా చూడరు, పాత ఓనరుకి ఫోన్ కొడతారు. "తీసేశాం" అన్నాడంటే అంతే సంగతులు. గ్రాట్యుటీ, అంటే చేసిన సర్వీసుకి వెళ్ళేటప్పుడు ఇచ్చే సొమ్ము, ఎలాగూ వస్తుంది, రాజీనామా చేసినా 5 ఏళ్ళు నిండితే ఇవ్వాల్సిందే. కర్ర విరగకుండా పాము చావాలి.

కరకట్ట:
బాబాయ్ గారూ, పెడితే పోయేదెంతో కూడా చెప్పండి. తప్పేమీ లేకుండా తొలగిస్తే నెల ముందు నోటీసు ఇవ్వాలి, లేదంటే నెల జీతం. ఆ పైన ఏడాదికి 15 రోజుల సగటు జీతం. ఆరు నెలలు దాటిన ముక్కని నిండు ఏడాదిగా కడతారు కాబట్టి 7 ఏళ్ళు. నెల జీతంలో సగం 9,100, ఏడింతలు 63,700. నోటీసు జీతం 18,200. మొత్తం 81,900. 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో 25ఎఫ్ సెక్షన్ ఇదే, 2025 నవంబరు 21న అమల్లోకొచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఇదే. కోడ్‌లో దీనికి తోడు, తీసేసినవాళ్ళ కోసం పెట్టిన నిధి నుంచి మరో 15 రోజుల జీతం 45 రోజుల్లో ఖాతాలో పడాలి. "సొంత కారణాల వల్ల" అన్న కాగితం మీద సంతకం పడగానే ఇవన్నీ గాలికి పోతాయి.

లెక్కల మాస్టారు:
15 రోజులకి 9,100 ఎలా వచ్చింది? నెలకి 26 పనిరోజులు. 18,200ని 26తో భాగిస్తే రోజుకి 700. 15 రోజులకి 10,500. లెక్క తప్పు.

కరకట్ట:
మాస్టారూ, 26 గ్రాట్యుటీకి. అది 10,500 ఏడింతలు, 73,500. అది వేరు, తొలగింపు పరిహారం వేరు. రెండూ రావాలి.

లెక్కల మాస్టారు:
ఒకే మనిషి, ఒకే జీతం, ఒకే 15 రోజులు. ఒకచోట 26, ఇంకోచోట 30 ఏంటండీ?

కొత్తపేట మిర్చి:
మా గుంటూరు యార్డులో తరుగు లెక్కే నయం అనిపిస్తోంది 😀

పేరోల్ బాబాయ్:
లెక్కలు సరే. ఆ పరిహారం వర్కర్లకే, అసలు ఆయన వర్కరే కాదు. కొత్త కోడ్‌లో 18,000 దాటితే వర్కర్ కింద రాడు. 18,200 అంటున్నారుగా.

కరకట్ట:
ఈ మాట చెప్పే చాలామందిని భయపెడుతున్నారు. ఆ 18,000 హద్దు సూపర్వైజరు పని చేసేవాళ్ళకి మాత్రమే. గుమాస్తా పనికి జీతం హద్దే లేదు. బిల్లింగు క్లర్కు ఎవరి మీద పెత్తనం చేస్తాడు, కీబోర్డు మీదా? విజిటింగ్ కార్డు మీద "ఎగ్జిక్యూటివ్" అని ఉన్నా కోర్టు చూసేది చేసే పనినే. సెలవు ఎవరు మంజూరు చేస్తున్నారు, కిందివాళ్ళకి పని ఎవరు పంచుతున్నారు, అవి.
"పనితీరు బాలేదు" అన్న బెదిరింపూ అంతే. దానికి ఛార్జిషీటు, సంజాయిషీ, విచారణ కావాలి. అరగంటలో జరిగేవి కావు.

గవర్నర్‌పేట గుమాస్తా:
ఇవన్నీ సరేనండి. ఆ గదిలో కూర్చున్నప్పుడు ఏం చేయాలి?

కరకట్ట:
"కాగితం ఇవ్వండి, ఇంటికెళ్ళి చదువుకుని చెబుతాను" అని లేచి రావాలి. రానివ్వకపోతే, సంతకం తప్పకపోతే, దాని పక్కనే సొంత చేత్తో తేదీ, టైము వేసి "అభ్యంతరంతో" అని రాయాలి. అది రాయనివ్వకపోయినా ఆ రాత్రే సొంత మెయిల్ నుంచి యాజమాన్యానికి రాయాలి: ఎన్నింటికి పిలిచారు, గదిలో ఎవరెవరున్నారు, ఏమన్నారు. ఆఫీసు మెయిల్ అప్పటికే మూసేసి ఉంటుంది. సోమవారం అదే ఉత్తరం స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి. పది రోజులాగి రాస్తే "ఎవరో నేర్పించారు" అంటారు.
పేస్లిప్పులు ముందే దించుకోండి. పీఎఫ్ పోర్టల్‌లో సర్వీసు హిస్టరీ ఫొటో తీసుకోండి. చేరిన తేదీ, సంస్థ పేరు అందులోనే ఉంటాయి కాబట్టి రిలీవింగ్ లెటర్ లేకపోతే బతుకు లేదన్నది పాత మాట. తర్వాత లేబర్ ఆఫీసులో అర్జీ. అక్కడ 45 రోజుల్లో తేలకపోతే నేరుగా కేసు వేసుకోవచ్చు. పాత చట్టంలో మూడేళ్ళ గడువుండేది, కోడ్‌లో రెండేళ్ళే.

బెంజి సర్కిల్:
కేసంటే ఎన్నేళ్ళు తిరగాలి? ఆటో ఛార్జీలకే సరిపోతుంది ఆ 81 వేలు.

పేరోల్ బాబాయ్:
అదీ మాట. ఓనరు వైపు కూడా చూడండి. నెల నోటీసు ఇచ్చాడనుకోండి, టాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) పాస్‌వర్డు, డీలర్ల డిస్కౌంటు పట్టీ అన్నీ వాళ్ళ చేతుల్లో ఉంటాయి. సాయంత్రానికల్లా ఎదురు షాపులో ఉంటుంది ఆ పట్టీ. హఠాత్తుగా పంపక చస్తాడా?

కరకట్ట:
హఠాత్తుగా పంపొద్దని ఎవరన్నారు? నెల జీతం, పరిహారం చేతిలో పెట్టి ఆ సాయంత్రమే పంపొచ్చు, చట్టమే ఆ వీలిచ్చింది. తొలగించాక రావాల్సిన జీతం బకాయిలు రెండు పనిదినాల్లో ఇవ్వాలి. పాస్‌వర్డు మార్చుకోడానికి రాజీనామా ఎందుకండీ? 81,900 ఎగ్గొట్టడానికి కాకపోతే! ఉద్యోగి వెళ్తానంటే 60 రోజుల నోటీసు, మీరు పంపితే అరగంట. ఆ టైపు కాగితాలు తయారుచేసేది మీలాంటి కన్సల్టెంట్లే కదా?

పేరోల్ బాబాయ్:
మర్యాదగా మాట్లాడండి. అవును, తయారుచేస్తాం. డబ్బు కోసమే అనుకుంటున్నారా? సగం మంది ఓనర్లు ఆ డబ్బు ఇస్తామంటారు. చిక్కు అక్కడ కాదు. తొలగింపు అని రాస్తే, ఆ పనిలో చివర చేరినవాణ్ణి ముందు పంపాలి. అంటే స్కానర్, ఈ-వే బిల్లు, జీఎస్టీ అన్నీ చకచకా చేసే కుర్రాడు పోతాడు, 22 ఏళ్ళ సర్వీసుతో రెట్టింపు జీతం తీసుకుంటూ కార్బన్ కాపీ పుస్తకం వదలని పెద్దాయన మిగులుతాడు. ఎవరు ఉండాలో ఎంచుకునే హక్కు షాపు నడిపేవాడికి లేదా?

కరకట్ట:
ఇప్పుడు బయటపడింది. ఆ హక్కు ఉంది, కాకపోతే వరస తప్పిస్తే కారణం కాగితం మీద పెట్టాలి. "ఫలానా పని రాదు, నేర్పించాం, రాలేదు" అని. అది రాయడానికి చెయ్యి రాదు, ఎందుకంటే నేర్పించలేదు కాబట్టి. అందుకే పెద్దాయన చేతనే "సొంత కారణాలు" రాయిస్తారు.

పేరోల్ బాబాయ్:
నేర్పించడానికి అది షాపు, బడి కాదు.

కరకట్ట:
22 ఏళ్ళు పనికొచ్చినప్పుడు ఏమయ్యాడో ఆయన?

బెంజి సర్కిల్:
ఇద్దరూ కాస్త మంచినీళ్ళు తాగండి.

గవర్నర్‌పేట గుమాస్తా:
స్టోర్సులో అలాంటి పెద్దవాళ్ళు ముగ్గురున్నారు. వాళ్ళకి సొంత మెయిల్ లేదు. ఉత్తరం తెలుగులో రాస్తే చెల్లుతుందా?

కరకట్ట:
చెల్లుతుంది. చేత్తో రాసినా చెల్లుతుంది. మెయిల్ లేకపోతే పోస్టు చాలు, పంపేముందు ఒక జిరాక్సు తీసి రసీదుతో కలిపి పిన్ను కొట్టండి. ముగ్గురివీ ఒకేలా ఉండకూడదు, ఎవరికి జరిగింది వాళ్ళు రాయాలి.

లెక్కల మాస్టారు:
అన్నీ చదివాను. గ్రాట్యుటీకి 26, పరిహారానికి సగం నెల. సరే, ఒప్పుకుంటున్నా. కానీ రోజుకూలీ మనిషైతే అప్పుడు సగం నెల ఎలా కడతారు?