థైరాయిడ్ ఉన్న పెద్దవాళ్లకి అయోడిన్ ఉప్పు మాన్పించాలా?

పాకాల చెరువు:
70 దాటినవాళ్లకి థైరాయిడ్ అని రిపోర్టు రాగానే ప్యాకెట్ ఉప్పు తీసేసి సైంధవ లవణమో రాళ్లుప్పో వాడుతున్న ఇళ్లు తిరుపతిలో చాలానే ఉన్నాయి. వాళ్ల వాదన ఏందంటే, ఇప్పుడు ఎక్కువగా కనబడేది హషిమోటో (ఒంటి రోగనిరోధక శక్తే థైరాయిడ్ గ్రంథిని దెబ్బతీసే జబ్బు), అది అయోడిన్ లోపం కాదు, ఉప్పుతో దాన్ని ఇంకా రెచ్చగొడుతున్నామని. ఇది సబబేనా?

రాగిసంగటి:
సబబే అంటాను. 1962లో మన దేశంలో గాయిటర్ (థైరాయిడ్ గ్రంథి ఉబ్బి మెడ వాయడం) నివారణ కార్యక్రమం మొదలైంది ప్రధానంగా హిమాలయాల అడుగునున్న జిల్లాల కోసం. డెన్మార్క్‌లో 2000లో ఉప్పుకి అయోడిన్ తప్పనిసరి చేశాక హైపర్ థైరాయిడ్ (గ్రంథి అతిగా పనిచేయడం) కేసులు పెరిగాయి. ఏళ్ల తరబడి గడ్డలున్న గ్రంథికి అయోడిన్ ఒక్కసారిగా ఎక్కువ అందితే, ఆ గడ్డలు అదుపు లేకుండా హార్మోన్ తయారు చేస్తాయి. పెద్దవాళ్లలో అది చాలాసార్లు వణుకుగా బయటపడదు. బరువు తగ్గడం, నీరసం, గుండె లయ తప్పడం, అంతే. ఇంకోటి, పూర్తి మోతాదు థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్ బిళ్ల) మింగేవాళ్ల గ్రంథి ఎలాగూ పెద్దగా పనిచేయదు. వాళ్లకి ఉప్పులో అయోడిన్ ఎందుకు?

తూకంరాళ్లు:
లెక్క కట్టి మాట్లాడుకుందాం అన్నా. మన నిబంధన ప్రకారం ఉప్పులో అయోడిన్ తయారీ దగ్గర 30 పీపీఎం (పదిలక్షల పాళ్లకి 30), కొనేవాడి చేతికి వచ్చేసరికి కనీసం 15. అంటే గ్రాముకి 15 మైక్రోగ్రాములు. బీపీకి భయపడి రోజుకి 5 గ్రాములే తినే పెద్దాయనకి వచ్చేది 75. పొయ్యి మీద మరిగేటప్పుడు అందులోనూ కొంత పోతుంది. కావాల్సింది 150. పాలు, పెరుగు, గుడ్డు కలిస్తే ఆ లోటు పూడుతుంది. ఇక ఉప్పు కూడా తీసేస్తే?

డెన్మార్క్ సంగతి సగమే చెప్పారు. అక్కడ పెరిగింది లోటుతో బతికిన జనంలో, మొదటి ఏళ్లలో. తర్వాత తగ్గింది. పూర్తి మోతాదు వాళ్ల గురించి మీరన్నది ఒప్పుకుంటాను. 100 మైక్రోగ్రాముల బిళ్లలోనే 65 దాకా అయోడిన్ ఉంటుంది. కానీ 25 మైక్రోగ్రాముల బిళ్ల మీదున్నవాళ్ల గ్రంథి ఇంకా సొంతంగా పనిచేస్తోంది, దానికి ముడిసరుకు కావాలి.

సముద్రపు ఉప్పులో అయోడిన్ సహజంగా ఉంటుందనేది కూడా పొరపాటే. ఎండబెట్టేటప్పుడు దాదాపు అంతా పోతుంది. సైంధవంలోనూ లెక్కలోకి వచ్చేంత ఉండదు. ఊరగాయలు మనం పెట్టేది మామూలు రాళ్లుప్పుతోనే, కాబట్టి ఊరగాయ తినే అవ్వకి సోడియం దండిగా, అయోడిన్ సున్నా.

రాగిసంగటి:
మనవాళ్లు తినేది 5 గ్రాములా? దాదాపు రెట్టింపు.

తూకంరాళ్లు:
సరే, 10 గ్రాములు, అదీ 30 పీపీఎం అనుకుందాం. 300. యూరప్ పెట్టిన గరిష్ఠ పరిమితి 600. ఆ 10 గ్రాముల్లో దిగులు పడాల్సింది సోడియం గురించి.

మందులచీటీ:
ఉప్పుడబ్బా చుట్టూ తిరుగుతున్నారు గానీ, పెద్దవాళ్ల ఒంట్లోకి అయోడిన్ నిజంగా వరదలా వచ్చే దారులు వేరే. గుండె లయకి ఇచ్చే అమియోడరోన్ 200 మిల్లీగ్రాముల బిళ్లలో 75 మిల్లీగ్రాముల దాకా అయోడిన్ ఉంటుంది. రోజూ అందులోంచి విడిపోయేదే ఆరేడు మిల్లీగ్రాములు. అంటే అవసరానికి నలభై రెట్లు. అది మొదలుపెట్టే ముందు ఒకసారి, తర్వాత ఆరు నెలలకోసారి టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ని పనిచేయించే హార్మోన్; గ్రంథి మందగిస్తే పెరుగుతుంది, అతిగా పనిచేస్తే తగ్గుతుంది) చూడాలి. సీటీకి, యాంజియోగ్రామ్‌కి ఎక్కించే మందు ఇంకో దారి. అది 100 మిల్లీలీటర్లు పోతే 30 గ్రాములకు పైనే అయోడిన్. చాలావరకు మూత్రంలో పోతుంది గానీ, మెడలో గడ్డలుంటే స్కాన్‌కి ముందే చెప్పాలి. ఆన్‌లైన్‌లో కొనే కెల్ప్ (సముద్రపు నాచు) బిళ్లలైతే వద్దే వద్దు. వాటిలో ఎంతుందో డబ్బా మీది అంకెకీ లోపలి సరుకుకీ పొంతన ఉండదు.

అసలు ఆ రిపోర్టు ఏం చెప్పిందో చూశారా? వయసుతో టీఎస్‌హెచ్ పెరుగుతుంది. 80 దాటినవాళ్లకి 7 దగ్గరున్నా, ఎఫ్‌టీ4 (రక్తంలోని థైరాయిడ్ హార్మోన్) బాగుంటే జబ్బు కాకపోవచ్చు. 2017లో వచ్చిన ట్రస్ట్ అధ్యయనంలో 65 దాటిన ఇలాంటివాళ్లకి థైరాక్సిన్ ఇచ్చినా నీరసం తగ్గలేదు. టీఎస్‌హెచ్ 10 దాటితే లెక్క వేరు. బిళ్ల మొదలైనా, గుండె జబ్బు ఉంటే 12.5 లేదా 25 మైక్రోగ్రాములతో మొదలుపెట్టి, ఆరు నుంచి ఎనిమిది వారాలకి మళ్లీ పరీక్ష. కాఫీకి అరగంట ముందు నీళ్లతో వేసుకోవాలి. క్యాల్షియం, ఐరన్ బిళ్లలకి నాలుగు గంటల ఎడం. తిరుపతిలో తెల్లారగానే ఫిల్టర్ కాఫీ పడనిదే పొద్దుపోదు కదా, టీఎస్‌హెచ్ దిగకపోతే మొదట అక్కడ చూడండి.

పాకాల చెరువు:
మరి తక్కువ సోడియం ఉప్పు?

మందులచీటీ:
అందులో పొటాషియం క్లోరైడ్ ఉంటుంది. కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లు, బీపీకి, గుండెకి ఇచ్చే టెల్మిసార్టన్, స్పైరనోలాక్టోన్ వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా ముట్టొద్దు.

రాగిసంగటి:
గడ్డలున్నవాళ్ల విషయంలో నా మాట మార్చను.

తూకంరాళ్లు:
మార్చొద్దు, కానీ వాళ్లకి కావాల్సింది టీఎస్‌హెచ్, మెడ స్కాన్. టీఎస్‌హెచ్ 0.1 కన్నా కిందికి పడితే అది వైద్యం చేయాల్సిన విషయం, ఉప్పు మారిస్తే సర్దుకోదు. అయోడిన్ ఉప్పు నిజంగా ఆపమనేది థైరాయిడ్ క్యాన్సర్‌కి రేడియో అయోడిన్ (రేడియోధార్మిక అయోడిన్ మందు) ఇచ్చే ముందు ఒకటి రెండు వారాలు. అప్పుడు కూడా రాళ్లుప్పు అని కళ్లు మూసుకుని కొనొద్దు, అయోడిన్ కలిపిన రాళ్లుప్పు ప్యాకెట్లూ అంగళ్లలో ఉన్నాయి.