పొడుగు డంకన్ నిజంగా నైటేనా? అతని జీవితంపై ఒక సందేహం

ప్రశ్న (అమలాపురం పాఠకుడు)

జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ ఏడు రాజ్యాల గాథలో సర్ డంకన్ (ముద్దుగా డంక్) కథలు మూడింటినీ (1998, 2003, 2010) ఈమధ్యే వరుసగా చదివాను. దిక్కులేని పిల్లవాడిగా ఫ్లీ బాటమ్ మురికివాడలో పెరిగి, చివరకు రాజరక్షక దళానికే అధిపతి అయిన ఈ మనిషి గురించి మా పుస్తక చర్చలో నేను మాట్లాడవలసి ఉంది. ఒక్క విషయం మాత్రం నాకు తేలడం లేదు. గురువు సర్ ఆర్లాన్ కన్నుమూసే ముందు తనను నైట్‌గా (‘సర్’ బిరుదున్న యోధుడిగా) చేశాడని డంక్ చెబుతాడు. దానికి ముళ్లచెట్టు మీది రాబిన్ పిట్ట తప్ప వేరే సాక్షి లేదట. వానకు మెత్తబడిన నేలలో గురువుకు గొయ్యి తవ్వడం దగ్గరే కథ మొదలుపెట్టిన రచయిత, ఆ ఘట్టాన్ని మాత్రం ఎక్కడా చూపలేదు. డంక్ అబద్ధమాడాడని మీరూ అనుకుంటున్నారా? అలాగైతే ఆ తర్వాతి పేరుప్రతిష్ఠలన్నిటికీ అబద్ధమే పునాది అని చెప్పాలా?

జవాబు (రాజమహేంద్రవరం నుంచి)

అబద్ధమే ఆడాడని నా నమ్మకం. మొదటి కథలో డంక్ ప్రాణం మీదికి వచ్చిన పోరుకు ముందు, అతని పక్షాన నిలవడానికి వచ్చిన రేమన్ ఫాసొవే తనను నైట్‌గా చేయమని అడిగినప్పుడు డంక్ తటపటాయిస్తాడు, చివరకు లయొనెల్ బరాథియన్ అనే మరో నైట్ ఆ పని చేస్తాడు. ఏ నైటైనా మరొకరిని నైట్‌గా చేయగలిగినప్పుడు, ప్రాణాల మీదికి వచ్చిన ఆ పూట ఆ వెనకాడడం దేనికి? పైగా ఇది చిన్న అబద్ధం కాదు. బొమ్మలాట ఆడించే టాన్సెల్ వేలు విరిచిన యువరాజు ఏరియన్‌ను కొట్టినందుకు డంక్ ఒక చేయి, ఒక పాదం పోగొట్టుకోవలసినవాడు. నైట్‌కు ఉండే హక్కు వల్లనే అతనికి ద్వంద్వయుద్ధపు విచారణ కోరే అవకాశం దక్కింది, దాన్ని ఏరియన్ ఏడుగురికి ఏడుగురి పోరుగా మార్చాడు.

మన ఊళ్లోనే నన్నయ రాసిన ఆదిపర్వంలో, కుమారుల అస్త్రవిద్యా ప్రదర్శన నాడు కృపుడు కర్ణుణ్ణి వంశమేదని అడిగిన ఘట్టం మీకు గుర్తుండే ఉంటుంది. ఆ కథ జరిగే యాష్‌ఫర్డ్ పోటీల్లో డంక్‌కు ఎదురైనదీ అదే ప్రశ్న: నీవెవరివి, నీ తరఫున చెప్పేవారెవరు? అయితే అక్కడ దుర్యోధనుడు అప్పటికప్పుడు అంగరాజ్యం ఇచ్చి తనకొక యోధుణ్ణి సంపాదించుకున్నాడు. ఇక్కడ బేలార్ యువరాజు ఆర్లాన్ తనకు గుర్తున్నాడని చెప్పి, ఆనక ఏడో మనిషిగా డంక్ పక్షాన నిలిచి, సొంత తమ్ముడు మేకార్ గదదెబ్బకు ప్రాణం పోగొట్టుకున్నాడు. పోరు ముగిశాక వేళ్లు కొయ్యబారినట్టున్నాయి, ఈ శిరస్త్రాణం కాస్త తీయండని బేలార్ మామూలుగా అడిగే తీరు చదివినవారెవరూ మరచిపోలేరు. తన పాదం ఒక యువరాజు ప్రాణానికి సాటి వస్తుందా అన్న ఆలోచన ఆ తర్వాత డంక్‌ను వదలలేదు. కాబట్టి అబద్ధానికి శిక్ష పడలేదని అనడానికి లేదు.

జవాబు (శివారు ఆయకట్టు రైతుబిడ్డ)

పై మిత్రులు మొదటి కథ దగ్గరే ఆగిపోయారు. డంక్ ఎలాంటివాడో తేల్చేది రెండో కథ అని నా అభిప్రాయం. బహుశా కాలువ చివర పొలం ఉన్నవాణ్ణి కాబట్టి అలా అనిపిస్తుందేమో. దాళ్వాకు వంతులవారీగా నీళ్లు వదిలే ఏడాది ఎగువవాళ్లు రాత్రికి రాత్రి అడ్డుకట్ట వేస్తే దిగువన ఏమవుతుందో ధవళేశ్వరం కాలువల కింద బతికేవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ కథలో కరవు వచ్చిన ఏడు పొరుగు దొరసాని రోహాన్ వెబర్ వాగుకు ఆనకట్ట కట్టించుకుంటుంది, దిగువన ఉన్న ముసలి సర్ యూస్టస్ పొలాలు ఎండిపోతాయి. డంక్ అతని కొలువులో ఉన్నాడు. న్యాయం తమ వైపే ఉందని నమ్మి రాయబారం వెళ్లినవాడికి, యూస్టస్ ఒకప్పుడు తిరుగుబాటుదారు డేమన్ బ్లాక్‌ఫైర్ పక్షాన పోరాడినందుకు ఆ వాగు మీద హక్కు పోయిందనీ, కాగితం ప్రకారం నీళ్లు ఆమెవేననీ అక్కడ తెలుస్తుంది.

ఇక్కడ మామూలు కథానాయకుడైతే కొలువైనా వదిలేస్తాడు, కత్తైనా దూస్తాడు. తమ పక్షపు బెన్నిస్ ఒక తవ్వకం కూలీ చెంప కోశాడు కాబట్టి రక్తానికి రక్తం కావాలని రోహాన్ పట్టుబడితే, డంక్ కటారుతో తన చెంపే కోసుకుంటాడు. ఆ తర్వాత ఆమె మనిషి లూకస్‌తో అదే వాగులో దిగి పోరాడి, తానూ దాదాపు మునిగిపోతాడు. కర్రలు పట్టించి యుద్ధానికి నిలబెట్టిన పల్లెజనం ప్రాణాలు అలా దక్కాయి. చివరకు యూస్టస్, రోహాన్ పెళ్లి చేసుకోవడంతో నీటి తగాదా తీరిపోవడం నాకు అంతగా నచ్చలేదు, అది వేరే మాట.

ప్రశ్న అడిగినవారు

రైతుబిడ్డ గారూ, ఆ చెంప సంగతి నేను సాహసంగా చదివి దాటేశాను, కూలీ వైపు నుంచి చూడలేదు. అయితే ఇవన్నీ డంక్ యౌవనంలోని మాటలే కదండీ. తర్వాతి కాలానికి అతను మిగిల్చినదేమిటి?

జవాబు (భీమవరం నుంచి)

ఎక్కువ భాగం ఎగ్ ద్వారా మిగిలింది. డంక్ వెంట గుర్రాలు తోముతూ, కంచెల కింద పడుకుంటూ తిరిగిన ఆ బోడిగుండు కుర్రవాడు ఐదవ ఏగాన్‌గా సింహాసనం ఎక్కి, ప్రభువులకు కంటగింపైనా సామాన్యుల మేలు కోసం చట్టాలు తెచ్చాడు. పెద్దకొడుక్కి డంకన్ అని పేరు పెట్టుకున్నాడు. డంక్ ఓటమి కూడా ఒకరికి మేలే చేసింది. పదహారేళ్ల బారిస్టన్ సెల్మీ ఒక పోటీలో ముసుగువీరుడిగా వచ్చి అతణ్ణి ఓడించాకే రాజు చేతుల మీదుగా నైట్ అయ్యాడు. కథలోని కాలగణన ప్రకారం, మొదటి ఏగాన్ దండయాత్ర తర్వాత 259వ ఏట సమర్‌హాల్ మంటల్లో రాజు, యువరాజు డంకన్, డంక్ ముగ్గురూ పోయారు.

పొద్దుగుంకే రంగు మీద చెట్టు, రాలే చుక్క ఉన్న అతని డాలు గుర్తును తండ్రి ఆయుధశాలలో చూసిన జ్ఞాపకంతో, మార్టిన్ ప్రధాన నవలల్లోని వీరనారి బ్రియెన్ తన డాలు మీద వేయించుకుంటుంది. ఆమె డంక్ వంశానిదేనని రచయితే 2016లో చెప్పారు. ఆ నవలల్లో నాలుగో సంపుటం నాటికి ఆమెకూ నైట్ బిరుదు లేదు. మీ చర్చలో అబద్ధం సంగతిని అక్కడి నుంచి ఎత్తుకుంటే, డంక్‌ను తప్పుపట్టేవారు బ్రియెన్ విషయంలో ఏమంటారో వినాలని నాకూ ఉంది.