ఉరుము పడింది మంగలం మీదా, మంగళం మీదా?

ప్రశ్న – ప్రూఫుదిద్దరి
సామెతల సంకలనం ప్రూఫులు చూస్తున్నాను. ఒకచోట "ఉరుము ఉరిమి మంగళం మీద పడ్డట్టు", ఇంకోచోట "మంగలం మీద". అలాగే "పేనుకు పెత్తనమిస్తే తలంతా గొరిగింది", "కొరికింది" రెండూ ఉన్నాయి. ఏది పాతది, ఏది చెవి తప్పు అని తేల్చేదెలా? అన్నీ దిద్దేయాలా?

జవాబు – వేపుడుపెంకు
మంగలమేనండి. మంగలం అంటే గింజలు వేయించుకునే మట్టిపెంకు. ఎక్కడో ఉరిమితే మూలనున్న పెంకు పగిలిందట, అంటే ఒకరి మీది కోపం ఏ పాపమూ ఎరగనివాడి మీద చూపడం. వంటింట్లోంచి పెంకు పోయాక మాటా మరుగునపడింది. తెలియని మాట తగిలితే చెవి దగ్గర్లో ఉన్న తెలిసిన మాటను పట్టుకుంటుంది. పైగా ల, ళ తేడా చాలామంది పలుకులో చెరిగిపోతోంది. శుభం జరిగేచోట పిడుగు పడిందని అర్థమూ కుదిరిపోయింది. అలా కుదరబట్టే ఇది నిలిచింది. అర్థంలేని తప్పయితే ఎవరో ఒకరు దిద్దేవారు. ఇంగ్లీషులో ఈ రకానికి 2003లో ఎగ్‌కార్న్ అని పేరు పెట్టారు, ఏకార్న్ అనే ఓక్ కాయను అలా విన్నవాళ్ల వల్ల.

కొందరి నోట ఇదే "మంగలి మీద" అయింది. దాన్ని మాత్రం అచ్చులో ఉంచకండి, ఒక వృత్తివాళ్లను ఊరికే నొప్పించే మాట.

జవాబు – గసడదవ
పేను సంగతి వేరు. పేను కొరుకుతుంది గానీ గొరగదు, కాబట్టి "కొరికింది"కే నా ఓటు. కానీ పాత పలుకులో "కాలు గాలిన పిల్లి" లాగే "తల గొరికింది" అంటారు, క కాస్తా గ అవుతుంది. "గొరికింది" విన్న చెవికి "గొరిగింది" ఒక్క అక్షరం దూరం. అర్థం కూడా అడ్డురాలేదు: జుట్టు మచ్చలు మచ్చలుగా ఊడిపోయే జబ్బుకు మనవాళ్లు పెట్టిన పేరే పేనుకొరుకుడు. కొరికినా, గొరిగినా చివరికి బోడితలే! ఇది బాగా పాతుకుపోయింది, తప్పని కొట్టేయకండి.

జవాబు – లోకోక్తి
తేల్చడానికి ముందు అనుమానపు మాటను బ్రౌన్ నిఘంటువులో (1852), సూర్యరాయాంధ్ర నిఘంటువులో చూడండి. ఆంధ్రభారతి సైటులో చాలా నిఘంటువులు ఒకేసారి వెతకొచ్చు. రెండు వర్ణక్రమాలూ విడివిడిగా కొట్టండి. తర్వాత కార్ దొర 1868లో అచ్చువేసిన ఆంధ్ర లోకోక్తి చంద్రిక. అందులో సామెతలు అకారాది క్రమంలో ఉంటాయి, మొదటి మాట మారితే దొరకదు. "పిచ్చి" దగ్గర లేకపోతే "వెర్రి" దగ్గర చూడాలి. గూగుల్‌లో ఏది ఎక్కువసార్లు వచ్చిందన్నది లెక్కలోకి తీసుకోవద్దు, ఒకరి పోస్టు వందమంది ఎత్తి పెడతారు. స్కాన్ నుంచి తీసిన పాఠంలో ల, ళ తారుమారవుతాయి కాబట్టి పేజీ బొమ్మే చూడండి.

ఇక సామెత చమత్కారం ఏ రూపంలో నిలుస్తుందో చూడాలి. "పిచ్చి కుదిరింది, రోకలి తలకు చుట్టమన్నట్టు": నయమైందంటూనే రోకలిని తలపాగా చుట్టమంటున్నాడు, నవ్వంతా అక్కడే ఉంది. "ముదిరింది" అంటే వాక్యం నడుస్తుంది, నవ్వు పోతుంది. అలాంటిది దిద్దాల్సిందే.

గొరిగింది లాంటివాటికి పాత రూపం పైన పెట్టి, కింద "గొరిగింది అని కూడా" అని వేయండి. మంగలానికైతే పక్కనే అర్థం ఇవ్వాలి, లేకపోతే తర్వాతి ముద్రణలో ఎవరో మళ్లీ మంగళం చేస్తారు.