సాల్వెంట్లు ఇంకిన భూగర్భజలాన్ని బ్యాక్టీరియాకే వదిలేయవచ్చా?

నీటిబొట్టు: జిడ్డు, మురికి వదిలించడానికి వాడే టీసీఈ (ట్రైక్లోరోఇథిలీన్), పీసీఈ (పర్‌క్లోరోఇథిలీన్) లాంటి క్లోరిన్ సాల్వెంట్లను సూక్ష్మజీవులే విరగ్గొడతాయంటున్నారు. నిజంగా పనవుతుందా?

సూక్ష్మదర్శిని: అవుతుంది. డీహలోకోకాయిడీస్ అనే బ్యాక్టీరియా ఆక్సిజన్ లేని చోట ఈ సాల్వెంట్ల మీదే శ్వాసిస్తుంది. ఒక్కో క్లోరిన్‌నూ పీకి ఆ చోట హైడ్రోజన్ పెడుతుంది. పీసీఈ టీసీఈ అవుతుంది, తర్వాత డీసీఈ (డైక్లోరోఇథిలీన్), వినైల్ క్లోరైడ్, చివరికి హాని లేని ఇథిలీన్. ఇలా చివరిదాకా తీసుకెళ్లే బ్యాక్టీరియాను 1997లోనే విడిగా పెంచి చూపించారు.

బావిగట్టు: వినైల్ క్లోరైడ్‌ను ఒక్క ముక్కలో దాటేశారేం? అది క్యాన్సర్ తెస్తుందని రుజువైన పదార్థం. అమెరికా తాగునీటి పరిమితి టీసీఈకి లీటరుకు 5 మైక్రోగ్రాములు, దీనికి 2.

సూక్ష్మదర్శిని: దాటేయలేదండీ. దాన్ని ఇథిలీన్‌గా మార్చే జన్యువు నీటి నమూనాలో ఉందో లేదో ముందే చూస్తారు. లేకపోతే ల్యాబ్‌లో పెంచిన ఆ బ్యాక్టీరియాను (కల్చర్‌ను) బోరులో దింపుతారు. లాక్టేట్ (లాక్టిక్ ఆమ్లపు లవణం) గానీ నూనె ఎమల్షన్ (నీళ్లలో సన్నని బొట్లుగా కలిపిన నూనె) గానీ ఎక్కిస్తే అది పులిసి హైడ్రోజన్ వస్తుంది, ఈ బ్యాక్టీరియాకు కావలసింది అదే. పీహెచ్ బాగా పడిపోతే, అంటే నీళ్లు ఆమ్లంగా మారితే మాత్రం పని ఆగిపోతుంది.

కిట్టు: నీళ్లలో నూనె పోయడమా! అదొక కాలుష్యం కాదా?

పాతపంపు: తోడి శుద్ధి చేయడమే మేలు.

సూక్ష్మదర్శిని: పాతపంపు గారూ, ఈ సాల్వెంట్లు నీళ్లకంటే బరువు. అడుక్కి జారి బంకమట్టిలో ఇంకుతాయి. పంపు ఆపగానే మళ్లీ నీళ్లలోకి ఊరతాయి.

బావిగట్టు: నా అసలు బాధ వేరే. మా బావి పక్కన యూనిట్ వాళ్లు ప్రకృతే చూసుకుంటుందని రిపోర్టు ఇచ్చారు. గ్రాఫులో ఒకటే గీత, టీసీఈ దిగుతున్న గీత. డీసీఈ, వినైల్ క్లోరైడ్ ఊసే లేదు. మీలాంటి వాళ్ల మాటలు పట్టుకునే వాళ్లు తప్పించుకుంటున్నారు!

సూక్ష్మదర్శిని: ఆ రిపోర్టును నా నెత్తిన రుద్దకండి. టీసీఈ తగ్గడమొక్కటే రుజువు కాదు, నీళ్లు కలిసి పలచబడినా తగ్గుతుంది. చాలా చోట్ల పని డీసీఈ దగ్గరే ఆగిపోతుంది కూడా. అన్నిటినీ మోల్స్‌లో, అంటే బరువులో కాక అణువుల సంఖ్యలో లెక్కగట్టాలి, ఇథిలీన్ కనిపించాలి. అప్పుడే ఒప్పుకోవాలి.

బావిగట్టు: అయితే మనకు గొడవ బ్యాక్టీరియా గురించి కాదు. అది పని పూర్తిచేసిందని తేల్చేది ఎవరు? సాల్వెంట్ పారబోసినవాడేనా?

పాతపంపు: వాడి ఖర్చుతో బయటి ల్యాబ్.

బావిగట్టు: ఆ ల్యాబ్‌ను ఎంచుకునేది కూడా మేమే అయితే సరే. పని పూర్తయ్యేదాకా మాకు తాగునీళ్లు వాడే ఇవ్వాలి.