విలేకరి ఒక పక్షాన నిలబడొచ్చా? నిన్న పని మానేసిన వాడి డౌటు

పాత కంట్రిబ్యూటర్, టెక్కలి:
ముప్పై ఏళ్ల పని నిన్నటితో చాలించాను. రిటైర్మెంట్ అనడానికి నవ్వొస్తుంది, లైన్ అకౌంట్ మీద, అంటే అచ్చయిన లైన్లకు లెక్కగట్టి ఇచ్చే డబ్బు మీద బతికినవాడికి జీతమే లేదు కదా. శాలువా కప్పిన చోటే ఒకాయన "మీరు జనం పక్షాన రాశారు" అని మెచ్చుకున్నాడు. పక్కాయన "అదే మీ తప్పు" అన్నాడు. రాత్రంతా అదే ఆలోచన.

2010 జులై 14న సోంపేట థర్మల్ విద్యుత్ ప్లాంటు వద్దన్న గొడవలో పోలీసు కాల్పులకు ఇద్దరు పోయారు. ప్లాంటు కట్టాలనుకున్నది బీలలో, అంటే నీళ్లు నిలిచే చిత్తడి నేలలో. కంపెనీ కాగితాల్లో అది పనికిరాని భూమి. నేను చూసిన బీలలో చేపలున్నాయి, పశువులకు గడ్డి ఉంది, చుట్టూ వరి చేలకు అదే నీరు. అది రాస్తే పక్షమా?

డెస్కు మనిషి, విజయనగరం:
కాదు గురువుగారూ, అది చూసి రాయడం. నా పేచీ వేరే. ప్లాంటు వస్తే ఉద్యోగం దొరుకుతుందని ఆశపడ్డ కుర్రాళ్లు లేరా? మీ వార్తల్లో వాళ్లు ఒక్కసారైనా మాట్లాడారా?

కాకరాపల్లి దగ్గరి వాడిని:
2011 ఫిబ్రవరి 28న మా దగ్గరా థర్మల్ ప్లాంటు గొడవలోనే కాల్పులయ్యాయి. ఆ రోజు ఇరుపక్షాల మాటలూ కొలిచి రాసిన పేపరును మా ఊళ్లో ఎవరూ కొనలేదు. చావు ఇంటికొచ్చి తూకం వేస్తామంటే ఎలాగండీ?

కవిటి అమ్మాయి:
మాస్టారూ, మీరు ఉద్దానం కిడ్నీ జబ్బుకు నీళ్లే కారణమని హెడ్డింగు పెట్టారు. అసలు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు. ఆ హెడ్డింగు చదివిన అబ్బాయి తరఫు వాళ్లు మా అక్క సంబంధం వద్దనుకున్నారు. మా పక్షాన రాశామనుకున్నారు మీరు.

పాత కంట్రిబ్యూటర్, టెక్కలి:
హెడ్డింగు డెస్కు పెట్టిందని తప్పించుకోవచ్చు. కానీ వార్తలోనూ "నీటి వల్లే" అని రాశాను, "అనుమానం" అని కాదు. అది నాదే తప్పమ్మా. ఇంకోటీ ఒప్పుకోవాలి. తేలినీలాపురం పెలికాన్లను ఏటా "సైబీరియా అతిథులు" అని రాసేవాణ్ని. అవి మన దేశంలోనే తిరిగే పక్షులని ఎప్పుడో చెప్పారు, అయినా సైబీరియా అంటే వార్త మొదటి పేజీకి వెళ్లేది.

బీల మీద మాత్రం వెనక్కి తగ్గను. సోంపేటలో కాల్పులు జరిగిన రోజే, పర్యావరణ అనుమతుల మీద అప్పీళ్లు వినే జాతీయ అప్పిలేట్ అథారిటీ ఆ ప్లాంటు పర్యావరణ అనుమతి కొట్టేసింది. ఉద్యోగం ఆశించిన కుర్రాళ్ల సంగతా? నిజమే, ఒక్కణ్నీ అడగలేదు. వాళ్లిప్పుడు ఎక్కడున్నారో తెలిస్తే చెప్పు బాబూ, వెళ్లి కలుస్తాను. రాయడానికి పేపరు లేదు గానీ, టైముంది.