క్లయింట్‌కి చట్టం బొమ్మ గీసి చెప్పొచ్చా? నాకు బొమ్మలు రావు

కొత్త ప్రాక్టీసు:
అందరికీ నమస్కారం. నేను ప్రాక్టీసు మొదలుపెట్టి రెండేళ్లయింది. పోయిన వారం ఒక పెద్దాయన వచ్చారు. కొడుకు స్నేహితుడి అప్పుకి హామీ సంతకం పెట్టాలట, ముందుగా పత్రం చూడమన్నారు. హామీదారు బాధ్యత గురించిన క్లాజు మూడుసార్లు, మూడు రకాలుగా చెప్పాను. ప్రతిసారీ తలూపారు. తీరా లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "అంటే ముందు వాడి మీద కేసు గెలిచి, వాడి దగ్గర ఏమీ లేదని తేలాకే కదా నా దగ్గరికొస్తారు?" అన్నారు. నాకు గుండె జారిపోయింది. ఆ పత్రంలో ఉన్నది సరిగ్గా దానికి వ్యతిరేకం. బొమ్మ గీసి చెప్పి ఉంటే బాగుండేదేమో అనిపిస్తోంది. కానీ నాకు మనిషి బొమ్మ కూడా సరిగ్గా రాదు. మా సీనియర్‌ని అడిగితే "అది చిన్నపిల్లల వ్యవహారం, మన మాటకి విలువ తగ్గుతుంది" అన్నారు. ఎవరైనా చేసి చూశారా?

పాత వకీలు:
తమ్ముడూ, సున్నా, గీత, బాణం వస్తే చాలు. ఇరవయ్యేళ్లుగా నేను గీసేవి అవే.

మీ పెద్దాయన కేసే తీసుకోండి. పైన ఒక సున్నా, అప్పు ఇచ్చేవాళ్లు. కింద ఎడమవైపు అప్పు తీసుకునే అబ్బాయి, కుడివైపు మీ పెద్దాయన. పైనుంచి ఎడమకి డబ్బు వెళ్లిన బాణం ఒకటి. ఇప్పుడు పెన్ను మార్చి, బాకీ అడిగే బాణాలు గీయండి. ఒకటి అబ్బాయి మీదికి, రెండోది పైనుంచి నేరుగా పెద్దాయన మీదికి. ఆ రెండో బాణం అబ్బాయి సున్నాని తాకకూడదు. మీరు మూడుసార్లు చెప్పినా ఆయనకి అందనిది అదే. చివరగా పెద్దాయన నుంచి అబ్బాయికి ఒక చుక్కల బాణం. ఈయన కట్టాక వాడి దగ్గర రాబట్టుకునే హక్కు అది. హక్కు ఉంటుంది, డబ్బు చేతికొస్తుందో లేదో వాడి దగ్గర ఉన్నదాన్ని బట్టి. అందుకే చుక్కలు.

ముందే గీసి పెట్టుకున్న కాగితం చూపించకండి. ఆయన చూస్తుండగా, మాట్లాడుతూ, ఒక్కో గీతా గీయండి. అయ్యాక తెల్ల కాగితం, పెన్ను ఆయన చేతికిచ్చి "ఇప్పుడు మీరు నాకు చెప్పండి" అనండి. అసలు పని అక్కడ జరుగుతుంది. ఒకసారి ఒకావిడకి ట్రస్టు గురించి గీసి చెప్పాను. అంటే ఒకరి మేలు కోసం ఆస్తిని ఇంకొకరి పేరున పెట్టే ఏర్పాటు, ఆ ఇంకొకరే ట్రస్టీ. ఆవిడని గీయమంటే ఇంటిని తీసుకెళ్లి ట్రస్టీ సున్నా లోపల పెట్టారు. కాగితాల మీద పేరు ఆయనదైతే ఇల్లు ఆయనదైపోతుందని నెలల తరబడి టెన్షన్ పడుతున్నారని అప్పటిదాకా నాకు తెలియదు. నోటితో ఒక్కసారీ అడగలేదు.

మీ సీనియర్ గారి మాటకొస్తే, 13వ శతాబ్దపు జర్మన్ న్యాయగ్రంథం జాక్సెన్‌స్పీగెల్ ఉంది. దానికి బొమ్మలతో రాసిన ప్రతులు నాలుగు ఇప్పటికీ ఉన్నాయి. ఒకే మనిషి ఒకేసారి రెండు మూడు పనులు చేస్తున్నాడని చూపడానికి అతనికి అదనంగా చేతులు గీశారు! పెద్దవాళ్ల తగాదాలు తీర్చిన పుస్తకం అది.

ఒప్పందాల అనువాదకుడు:
పాత వకీలు గారితో ఏకీభవిస్తూనే ఒక జాగ్రత్త చెబుతాను. బొమ్మకి "తప్ప", "ఒకవేళ" అనే మాటలు రావు. "నోటీసు అందిన తర్వాతే కట్టాలి" అని పత్రంలో ఉంటే, ఉత్త బాణం అబద్ధం చెప్పినట్టే. నేనైతే బాణానికి అడ్డంగా చిన్న గేటు గీసి, అది దేనితో తెరుచుకుంటుందో పక్కన రెండు మాటలు రాస్తాను.

కాగితం కింద "ఇది అర్థం కావడానికి మాత్రమే, చెల్లేది పత్రంలోని మాటే" అని రాసి, తేదీ వేసి, ఒక కాపీ ఫైల్లో పెట్టుకోండి. మన రచనల్ని, ఫొటోల్ని వేరేవాళ్లు ఏ షరతులతో వాడుకోవచ్చో చెప్పే క్రియేటివ్ కామన్స్ లైసెన్సులు 2002లో వచ్చాయి, వాటిదీ ఇదే పద్ధతి. పైకి చిన్న గుర్తులు, తేలిక మాటల్లో సారాంశం. వెనక పూర్తి లైసెన్సు పాఠం.

హెచ్.ఆర్. ఉద్యోగి:
బొమ్మే ఒప్పందంగా చెల్లేలా రాసినవాళ్లూ ఉన్నారండీ. దక్షిణాఫ్రికా లాయర్ రాబర్ట్ డి రాయ్ పండ్లతోటల కూలీల కోసం ఉద్యోగ ఒప్పందాన్ని కామిక్‌లా తయారు చేయించారు. ఇరుపక్షాలూ అందులో పాత్రలే, సంతకం పెట్టేదీ దాని మీదే. దానికి చాలా కసరత్తు కావాలి. మీకిప్పుడు కావాల్సింది అంత కాదనుకోండి.

కొత్త ప్రాక్టీసు:
పాత వకీలు గారూ, నిన్న పెద్దాయన్ని మళ్లీ పిలిపించాను. చెయ్యి వణికింది, సున్నాలు కోడిగుడ్లలా వచ్చాయి. ఆయన వాటిని పట్టించుకోనే లేదు. రెండో బాణం గీయగానే "ఇది నేరుగా నాకే వస్తోందా?" అన్నారు. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు. చుక్కల బాణం మీద వేలు పెట్టి, "దీన్ని గట్టి గీత చేయాలంటే ఏం చేయాలి?" అని అడిగారు. ఆ అబ్బాయి దగ్గర ముందే ఏదైనా తాకట్టు రాయించుకోవడం గురించి చెప్పాను. రెండో బాణం మీద ఒక అడ్డగీత కొట్టి, హామీని ఒక మొత్తానికే పరిమితం చేయమని అడగొచ్చనీ చెప్పాను. అక్కడ ఏ అంకె వేయాలో కొడుకుతో మాట్లాడి చెబుతానన్నారు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్లారు. సంతకం ఇంకా పెట్టలేదు.