అమెరికాలో ఎలక్టర్లను ఎవరు ఎంచుతారు? రాష్ట్రం మొత్తం ఒక్కరికే పోవడం న్యాయమేనా?

గోదారిగట్టు:

టెక్సస్ బ్యాలట్ మీద అధ్యక్ష, ఉపాధ్యక్ష అభ్యర్థుల పేర్లే ఉంటాయి, కానీ ఓటు పడేది ఎలక్టర్లకు అంటారు. వీళ్లెవరు? ఎవరు నిలబెడతారు? మనం వేసిన ఓటు వాళ్ల చేతుల మీదుగా వాషింగ్టన్‌కు ఎలా చేరుతుంది? 2024లో టెక్సస్‌లో హారిస్‌కు 42 శాతం పైగా ఓట్లొచ్చినా ఎలక్టర్లు 40కి 40 ట్రంప్‌కే పోయారు. ఇలా చేయాలని రాజ్యాంగంలోనే ఉందా? మన రాష్ట్రపతి ఎన్నికలో ఎమ్మెల్యే ఓటుకు జనాభాను బట్టి విలువ కడతాం కదా, అక్కడ అలాంటిదేమీ లేదా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

కృష్ణాతీరం:

గోదారిగట్టు గారూ, ముందు లెక్క. అమెరికా పార్లమెంటును కాంగ్రెస్ అంటారు. దాని దిగువసభ అయిన ప్రతినిధుల సభలో రాష్ట్రానికి ఎన్ని సీట్లుంటే అన్ని, వాటికి ఎగువసభ సెనేట్ తరఫున 2 కలిపితే వచ్చేది ఆ రాష్ట్ర ఎలక్టర్ల సంఖ్య. టెక్సస్‌కు 38, 2 కలిపి 40. దేశం మొత్తం మీద 435, 100, వీటికి తోడు 1961లో రాజ్యాంగ 23వ సవరణ ద్వారా రాజధాని వాషింగ్టన్ డీసీకి వచ్చిన 3. అంతా కలిపి 538. గెలవాలంటే 270 కావాలి.

వీళ్లను నిలబెట్టేది పార్టీలు. ప్రతి పార్టీ తన పూర్తి జాబితాను ముందే రాష్ట్ర ఎన్నికల అధికారికి అందజేస్తుంది. మీరు అభ్యర్థి పేరు పక్కన గుర్తు పెడితే ఓటు ఆ జాబితా మొత్తానికి పడినట్టు. జాబితా తయారుచేసే పద్ధతి రాష్ట్రానికో తీరు, పార్టీకో తీరు. టెక్సస్ రిపబ్లికన్ల రాష్ట్ర మహాసభలో ఒక్కో కాంగ్రెస్ నియోజకవర్గం వాళ్లు విడిగా కూర్చుని ఒక్కొక్క పేరు తేలుస్తారు. పెన్సిల్వేనియాలో అధ్యక్ష అభ్యర్థే పేర్లు ఇస్తాడు. ఎక్కువగా పార్టీకి ఏళ్ల తరబడి పనిచేసిన స్థానిక నాయకులే ఉంటారు. సెనేటర్లు, ప్రతినిధుల సభ సభ్యులు, ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) పదవుల్లో ఉన్నవాళ్లు ఎలక్టర్లు కాకూడదు. ఇది రాజ్యాంగం రెండో అధికరణంలోనే ఉంది.

నవంబరులో మొదటి సోమవారం తర్వాతి మంగళవారం పోలింగ్. లెక్కింపు ముగిశాక ఏ జాబితా గెలిచిందో, ఎవరికెన్ని ఓట్లో రాసి గవర్నర్ ధ్రువపత్రం ఇవ్వాలి. ఎలక్టర్లు కలిసే రోజుకు కనీసం 6 రోజుల ముందే అది పూర్తవ్వాలి. డిసెంబరు రెండో బుధవారం దాటాక వచ్చే మంగళవారం (2024లో డిసెంబరు 17) ఎలక్టర్లు ఎవరి రాష్ట్రంలో వాళ్లు కలుస్తారు. 538 మందీ ఒకచోట చేరే సమావేశమంటూ ఏదీ లేదు. అధ్యక్షుడికి ఒక చీటీ, ఉపాధ్యక్షుడికి ఇంకో చీటీ వేస్తారు. ఫలితం రాసిన పత్రాలు 6 తయారుచేసి, అన్నిటి మీదా అందరూ సంతకాలు పెట్టి, ఒక్కోదానికీ గవర్నర్ ధ్రువపత్రం జతచేస్తారు. సెనేట్ అధ్యక్షుడికి (దేశ ఉపాధ్యక్షుడే) 1, ప్రభుత్వ పత్రాలు భద్రపరిచే నేషనల్ ఆర్కైవ్స్‌కు 2, రాష్ట్ర కార్యదర్శికి 2, అక్కడి ఫెడరల్ జిల్లా జడ్జికి 1. జనవరి 6న కాంగ్రెస్ ఉభయసభలు కూర్చుని వీటిని విప్పి లెక్కిస్తాయి.

ఇందులో ఎక్కడ తేడా వస్తుందంటే, మొదటిది ఎలక్టర్ మాట తప్పడం. 2016లో 7 మంది అలా వేరే పేర్లకు ఓటేశారు. వాళ్లలో నలుగురు వాషింగ్టన్ రాష్ట్రం వాళ్లు, తలా 1,000 డాలర్ల జరిమానా పడింది. అలా కట్టడి చేసే హక్కు రాష్ట్రానికి ఉందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. రెండోది పొరపాటు. 2004లో మిన్నెసోటాలో 10 మందీ అధ్యక్ష అభ్యర్థి కెర్రీకి వేయాల్సింది, ఒక చీటీ మీద అధ్యక్షుడి గడిలో ఉపాధ్యక్ష అభ్యర్థి ఎడ్వర్డ్స్ పేరు వచ్చింది, అదీ అక్షరం తప్పుతో ‘ఎవర్డ్స్’ అన్నట్టుగా. చీటీల మీద వేసినవాళ్ల పేర్లు లేవు కాబట్టి ఎవరిదో తేలలేదు, ఆ ఓటు అలాగే నమోదైంది. ఆ తర్వాత ఆ రాష్ట్రం చట్టం మార్చింది. మాట తప్పినవాళ్లను అక్కడికక్కడే తీసేసి ప్రత్యామ్నాయ ఎలక్టర్‌ను కూర్చోబెడతారు. 2016లో ఒకరి విషయంలో అలాగే చేశారు.

మూడోది జంట జాబితాలు. 2020లో 7 రాష్ట్రాల్లో ఓడిన పక్షం వాళ్లూ తామే ఎలక్టర్లమంటూ పత్రాలు తయారుచేశారు. అందుకే 2022 చట్టం గవర్నర్ ధ్రువపత్రానికే అధికారమని, ఎవరైనా అభ్యంతరం చెప్పాలంటే ఉభయసభల్లోనూ కనీసం ఐదో వంతు సభ్యుల సంతకాలుండాలని గట్టిచేసింది. అంతకుముందు సభకు ఒక్కరుంటే సరిపోయేది.

రాజ్యాంగ_విద్యార్థి:

‘రాజ్యాంగంలోనే ఉందా’ అన్నదానికి: లేదు. ఎలక్టర్లను ఏ పద్ధతిలో నియమించాలో ఆ రాష్ట్ర శాసనసభ చెప్పాలి, అంతవరకే రాజ్యాంగం. గెలిచినవాడికే అన్నీ అనేది రాష్ట్రాలు తమంతట తాము తెచ్చుకున్నది.

ఎందుకు తెచ్చుకున్నాయో చూస్తేనే అసలు సంగతి బయటపడుతుంది. జెఫర్సన్, ఆడమ్స్ అధ్యక్ష పదవికి పోటీపడ్డ 1796లో వర్జీనియా నియోజకవర్గాల వారీగా ఎలక్టర్లను ఎన్నుకుంది. జెఫర్సన్ సొంత రాష్ట్రమైనా ఒక ఓటు ఆడమ్స్‌కు పోయింది. దేశం మొత్తం మీద జెఫర్సన్ ఓడింది 71కి 68తో. 1800 నాటికి వర్జీనియాలో ఆయన పక్షం వాళ్లు చట్టం మార్చి రాష్ట్రం మొత్తాన్ని ఒకే గంపలో పెట్టారు. దానికి జవాబుగా ఆడమ్స్ రాష్ట్రం మసాచుసెట్స్ జనం ఓటే తీసేసి శాసనసభే ఎలక్టర్లను ఎంచేలా చేసింది. పక్కవాడు మొత్తం ఊడ్చుకుపోతుంటే మనం పంచిపెట్టుకోవడమేమిటని ఒక్కో రాష్ట్రమూ అదే దారి పట్టింది. 1836కల్లా దక్షిణ కరొలినా తప్ప అన్నీ అలాగే మారాయి. ఎవరూ న్యాయం ఆలోచించి పెట్టుకున్న పద్ధతి కాదు ఇది. ఎవరికి వాళ్లు నష్టపోకూడదని పెట్టుకున్నది, అందుకే ఒంటరిగా ఏ రాష్ట్రమూ వదులుకోదు.

మన పద్ధతితో పోలిక బాగుంది. రాష్ట్రపతి ఎన్నికలో ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు విలువ 159, తెలంగాణ ఎమ్మెల్యేది 132. 1971 జనాభాను ఎమ్మెల్యేల సంఖ్యతో, మళ్లీ వెయ్యితో భాగిస్తే వచ్చే అంకె. పాత జనాభానే అయినా రాష్ట్రాల మధ్య దామాషా ఉంది. పైగా తెలంగాణ 119 మంది ఓట్లు విడివిడిగానే లెక్కకొస్తాయి, ఎక్కువమంది ఎటుంటే అందరూ అటేనని ఎవరూ అనరు. అమెరికాలో ఈ రెండూ లేవు. వయోమింగ్ జనాభా 5 లక్షల 77 వేలు, ఎలక్టర్లు 3. అంటే 1 లక్షా 92 వేల మందికి ఒకరు. కాలిఫోర్నియాలో 7 లక్షల 30 వేల మందికి ఒకరు.

జనం ఈ రెండు లోపాలనూ కలిపేసి మాట్లాడతారు, విడదీసి చూడాలి. అందరి లెక్కలోంచీ సెనేట్ తాలూకు 2 తీసేసి చూడండి. 2000లో బుష్ గెలిచిన రాష్ట్రాలు 30, ఆయన 271 కాస్తా 211 అవుతుంది. గోర్‌వి 20 రాష్ట్రాలు, డీసీ, 267 కాస్తా 225 అవుతుంది. గోర్ గెలిచేవాడు. 2016లో అదే లెక్క వేస్తే ట్రంప్ 246, క్లింటన్ 190, ఫలితం మారదు. క్లింటన్‌కు 28 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువొచ్చినా ఓడింది ప్రధానంగా గెలిచినవాడికే అన్నీ పోవడం వల్ల. మిషిగన్, విస్కాన్సిన్, పెన్సిల్వేనియా మూడింటా తేడా కలిపి 78 వేలు కూడా లేదు, 46 ఎలక్టర్లు ఒకే వైపు పోయారు.

గోదారిగట్టు:

ఇద్దరికీ ధన్యవాదాలు. ఒక సందేహం. మన ఆంధ్రలో 2019లో టీడీపీకి 39.17 శాతం ఓట్లతో 23 సీట్లు, 2024లో వైసీపీకి 39.37 శాతంతో 11 సీట్లు వచ్చాయి. ఇదీ అలాంటిదే కదా? ఇంకోటి, నియోజకవర్గాల వారీగా పంచితే సమస్య తీరదా?

లెక్కలమనిషి:

జబ్బు ఒకటే, మోతాదు వేరు. మన దగ్గర 175 చోట్ల విడివిడిగా గెలుపోటములు తేలతాయి, ఓడిన పక్షానికి కొన్నైనా మిగులుతాయి. అక్కడ రాష్ట్రమంతా ఒకే నియోజకవర్గం. 2020లో ట్రంప్‌కు టెక్సస్‌లో కంటే కాలిఫోర్నియాలోనే ఎక్కువ ఓట్లు పడ్డాయి, 60 లక్షల పైచిలుకు. వాటికి దక్కిన ఎలక్టర్లు సున్నా. టెక్సస్‌లో బైడెన్‌కు పడిన 52 లక్షలకూ సున్నాయే. నష్టం ఒక పార్టీకి పరిమితం కాదు.

నియోజకవర్గాల వారీ పద్ధతిని మెయిన్ రాష్ట్రం 1972 నుంచి, నెబ్రాస్కా 1992 నుంచి పాటిస్తున్నాయి. నియోజకవర్గానికి ఒకటి, రాష్ట్రం మొత్తం మీద గెలిచినవారికి 2. వినడానికి బాగుంటుంది. కానీ దేశమంతా పెడితే ఇంకా చెడుతుందని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే నియోజకవర్గాల గీతలు చాలా రాష్ట్రాల్లో పార్టీలే గీస్తాయి. పెన్సిల్వేనియా 2012 చూడండి. ఒబామా రాష్ట్రాన్ని 5 శాతానికి పైగా తేడాతో గెలిచాడు. కానీ 18 నియోజకవర్గాల్లో 13 ప్రత్యర్థి రోమ్నీవి. ఈ పద్ధతే ఉంటే 20 ఎలక్టర్లలో గెలిచినాయనకు 7, ఓడినాయనకు 13 వచ్చేవి. దేశమంతా ఇలా లెక్కిస్తే ఆ ఏడాది దాదాపు 50 లక్షల ఓట్లు వెనకబడ్డ రోమ్నీ 274 తెచ్చుకుని అధ్యక్షుడయ్యేవాడు. గీత గీసేవాడి చేతికి అధ్యక్ష పదవి కూడా ఇచ్చినట్టవుతుంది.

ఓట్ల శాతాన్ని బట్టి పంచడం మేలు, కానీ 3, 4 ఎలక్టర్లున్న చిన్న రాష్ట్రాల్లో భిన్నాలను సర్దడం కష్టం. 3 ఉన్నచోట 60–40గా ఓట్లు పడితే 2–1 అవుతుంది, 51–49 అయినా 2–1 అవుతుంది. పైగా మూడో అభ్యర్థికి కొన్ని పోయి ఎవరికీ 270 రాకపోతే ఎన్నిక ప్రతినిధుల సభకు వెళ్తుంది. అక్కడ రాష్ట్రానికి ఒకటే ఓటు, కాలిఫోర్నియాకు ఒకటి, వయోమింగ్‌కు ఒకటి. అంతకంటే అన్యాయం ఇంకోటి లేదు.

కృష్ణాతీరం:

లెక్కలమనిషి గారితో ఒకచోట విభేదిస్తాను. ఇప్పటి పద్ధతికి ఒక మేలుంది, తగాదా ఒక్క రాష్ట్రంలోనే ఆగుతుంది. 2000లో ఫ్లోరిడాలో బుష్‌కు 29,12,790, గోర్‌కు 29,12,253 ఓట్లు. ఆ 537 ఓట్ల మీద 25 ఎలక్టర్లు. ఓటరు పొడిచిన చిల్లు పూర్తిగా ఊడక ముక్క వేలాడే బ్యాలట్ కాగితాలను వెలుగుకు పెట్టి చూసిన రోజులవి. దేశమంతా ఒకే లెక్కయితే అలాంటి తనిఖీ 50 రాష్ట్రాల్లోనూ, 50 రకాల చట్టాలతో జరగాలి.

లెక్కలమనిషి:

ఆ 537 ప్రాణం మీదికి తెచ్చింది గెలిచినవాడికే అన్నీ అనడమే కదండీ! జాతీయంగా గోర్ ఆధిక్యం 5 లక్షలు దాటింది. అంత తేడాను రీకౌంటింగ్ తిరగరాయడం దాదాపు అసాధ్యం. లెక్కను రాష్ట్రాల వారీగా ముక్కలు చేసేకొద్దీ చిన్న తేడాలొచ్చే చోట్లు పెరుగుతాయి. 2020లో జార్జియా, అరిజోనా, విస్కాన్సిన్‌లో తేడా కలిపితే 43 వేల లోపే. అవి ట్రంప్ వైపు పడుంటే ఎలక్టర్లు 269–269. దేశం మొత్తం మీద బైడెన్‌కు 70 లక్షల ఆధిక్యం ఉండగా!

రాజ్యాంగ_విద్యార్థి:

ఇక మార్చడం మాట. సవరణ తెచ్చి నేరుగా ఎన్నుకుందామని 1969లో ప్రతినిధుల సభ 338–70తో ఆమోదించింది, 1970లో సెనేట్‌లో సాగదీత ప్రసంగాలతో ఆగిపోయింది. కోర్టు దారి కూడా మూసుకున్నట్టే, గెలిచినవాడికే అన్నీ ఇవ్వడం రాజ్యాంగానికి విరుద్ధం కాదని 2020లో పలు ఫెడరల్ అప్పీలు కోర్టులు చెప్పాయి. మిగిలింది రాష్ట్రాల ఒప్పందం. దేశం మొత్తం మీద ఎక్కువ ఓట్లొచ్చినవారికే మా ఎలక్టర్లు అని చట్టం చేసుకోవడం, ఒప్పుకున్న రాష్ట్రాల ఎలక్టర్ల మొత్తం 270కి చేరాకే అమలు. 2024 ఏప్రిల్‌లో మెయిన్ చేరాక ఆ మొత్తం 209. ఒంటరిగా నష్టపోతామన్న భయాన్ని తీసేసేలా రాశారు కాబట్టే నాకిది నచ్చుతుంది. కాంగ్రెస్ అనుమతి కావాలా అన్న వాదన మాత్రం మిగిలే ఉంది.

అక్కడ ఓటున్నవాళ్లు గుర్తుంచుకోవాల్సింది, ఈ మార్పు చేతిలో ఉన్నది రాష్ట్ర శాసనసభకు. నెబ్రాస్కాలో ఒమాహా ఉన్న రెండో నియోజకవర్గం తాలూకు ఆ ఒక్క ఎలక్టర్‌నూ తీసేయాలని 2024 సెప్టెంబరులో గట్టిగా ప్రయత్నించారు. 49 మంది సభలో కావలసిన 33 ఓట్లు కూడక ఆగింది. చాలా రాష్ట్రాల్లో శాసనసభ సభ్యులను ఎన్నుకునేది కూడా అదే నవంబరు బ్యాలట్ మీదే, కాస్త కింద.